అయిదో రేవు గుడిసె

మా ఆయన రాసిన ఆటలో ఒక పులి ఉంది. అది మనిషిని తినబోయే ముందు సగం పద్యం చదివి, మిగతా సగం పూర్తి చెయ్యమంటుంది. యతి తప్పితే నోట్లో వేసుకుంటుంది. కుదిరితే దండం పెట్టి దారి ఇస్తుంది. ఆ పులికి మూలం ఎక్కడుందని జనం ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. ఏదో మరుగున పడ్డ శతకంలోదని కొందరు, అవధానులను వెక్కిరించడానికి పెట్టిందని కొందరు. అదేం కాదు, ఆ పులి మా ఆయన పనిచేసిన కాలేజీ ప్రిన్సిపాలు. మీసాలు కూడా నేను ఆయన్ని చూసే గీశాను.

ఆట పేరు 'ఏడు రేవులు'. కంప్యూటరు ఇంట్లో ఉందంటే వీధివాళ్ళు చెప్పులు విప్పి లోపలికొచ్చి చూసి వెళ్ళే కాలంలో, కాకినాడలో ఒక తెలుగు లెక్చరరూ, ముగ్గులు తప్ప మరేమీ రాని అతని భార్యా కలిసి చేసిన ఆట. మాటలన్నీ చక్రధరంగారివి, అంటే మా ఆయనవి. బొమ్మలన్నీ నావి. కంప్యూటరు తెర కూడా చుక్కల ముగ్గే కదా. గళ్ళ కాగితం మీద చుక్కలు పెట్టి చెట్టూ పుట్టా, పడవా పడవవాడూ నేను గీసిస్తే, ఆయన వాటిని అంకెలుగా మార్చి ఎక్కించేవారు. మిషను భాష ఎలా నేర్చారండీ అని ఎవరైనా అడిగితే, "ఛందస్సు వచ్చినవాడికి ఇదో లెక్కా!" అని మీసం లేకపోయినా మెలేసేవారు.

కథ మీకూ తెలిసే ఉంటుంది. రాజుగారి నాలుక మీద రుచి చచ్చిపోతుంది. సముద్రపొడ్డున పండిన పిడికెడు ఉప్పు పట్టుకుని, ఏడు రేవులు దాటి, కోటకు చేర్చాలి. మొదటి రేవు పడవవాడు ఆటవెలదిలో మాట్లాడతాడు. మూడో రేవువాడు సీసంలో తప్ప నోరు విప్పడు, వాడు బేరం ముగించేలోపు మనం వెళ్ళి కాఫీ తాగి రావచ్చు. పూటకూళ్ళమ్మ తిట్లు అచ్చంగా మా పిన్నత్తగారివి. కుంటి రాక్షసుడి నడక కాలేజీ టైపిస్టుది. చివరికి మా వీధి కుక్క కూడా నాలుగో రేవులో తోక ఊపుతూ కనిపిస్తుంది.

అందరూ ఉన్నారు. మా వకుళ లేదు.

వకుళ మా కూతురు. ఆట సగంలో ఉండగా, వానాకాలంలో, మెదడువాపు జ్వరంతో పోయింది. దానికి తొమ్మిదేళ్ళు. పన్నెండో రోజు దాటగానే మా ఆయన వెళ్ళి కంప్యూటరు ముందు కూర్చున్నారు. కంట తడి లేదు. దాని పేరు ఎత్తలేదు. అప్పటిదాకా అది పోయిన కిరీటాన్ని వెతికే కథ. కిరీటం తీసేసి ఉప్పు పెట్టారు. ఎక్కడిదండీ ఈ ఉప్పు అంటే, "పాత తాళపత్రంలో ఉందిలే" అన్నారు. తర్వాత పత్రికలవాళ్ళకీ అదే చెప్పారు. అభిమానులు ఆ తాళపత్రం కోసం వెతకని గ్రంథాలయం లేదు. ఎవరికీ దొరకలేదు.

నాకు మాత్రం ఒళ్ళు మండిపోయేది. వీధి కుక్కకు చోటిచ్చిన మనిషి కన్నకూతురికి ఇవ్వలేకపోయాడే అని. ఆట బయటికి వచ్చాక రేవు రేవూ వెతికాను. ఏ పిల్ల నోట్లోనైనా దాని మాట వినిపిస్తుందేమో, ఏ గోడ మీదైనా దాని పేరు రాసి ఉందేమో అని. పేరుకి మొదటి అక్షరం కూడా లేదు. ఆయనతో కాపురం చేశాను, వండి పెట్టాను, జబ్బు చేస్తే మంచం పక్కన కూర్చున్నాను. కానీ ఆయన పోయిన రోజున నా మనసులో ఉన్నది ఆ ఒక్క ప్రశ్నే. ఈయన దాని కోసం ఎప్పుడైనా ఏడ్చాడా?

*

ఎస్తేరు రాణి మా ఇంటికి వచ్చిన పూట నేను పిల్లలకు బొమ్మల క్లాసు చెబుతున్నాను. విశాఖపట్నంలో ఏదో పరిశోధనాలయంలో పనిచేస్తుందట. కోనసీమ పిల్ల. చెప్పులు విప్పి గుమ్మంలో నిలబడి, నమస్కారం పెట్టే ముందే పులి పద్యం అప్పజెప్పింది.

"చిన్నప్పుడు ఆ పులి నన్ను తినని రోజు లేదాంటీ. యతి కుదరడం కోసమే తెలుగు మేష్టారి వెంటబడి ఛందస్సు నేర్చుకున్నాను."

"నేర్చుకుని ఏం చేశావు?" అన్నాను.

"ఫిజిక్సు చదివేనండి."

నవ్వొచ్చింది. పిల్లల్ని పంపించి టీ పెట్టాను. ఆ అమ్మాయి టీ తాగకుండా గ్లాసు చేతిలో తిప్పుతూ కూర్చుంది.

ఆట రాసిన అసలు డిస్కులు మా ఆయన పోయాక నేనే ఆ పరిశోధనాలయానికి ఇచ్చేశాను. పాత వస్తువులు భద్రపరుస్తామంటే సరే అన్నాను. రాణి ఇప్పుడు వాటి మీద కొత్త యంత్రమొకటి ప్రయోగిస్తోంది. అదేం చేస్తుందమ్మా అంటే, పిల్లలు వదిలేసి వెళ్ళిన పలక అందుకుంది. బలపంతో 'అ' అని రాసి, అరచేత్తో తుడిచి, దాని మీద 'క' రాసి, కిటికీ వెలుగులోకి వంచింది.

"కనిపిస్తోందా, కింద 'అ'? డిస్కు మీద కూడా అంతేనండి. చెరిపేసి మళ్ళీ రాసినా పాతది పూర్తిగా పోదు. మా యంత్రం పై పొరని వేడి చేసి కరిగిస్తుంది, అప్పుడు కింది పొర లేచి నిలబడుతుంది. కాసేపే. ఆ వేడికి అదీ కరిగిపోద్ది."

"కాపీ తీసుకోరాదూ?"

"వేరే డిస్కుల మీద చూశామాంటీ. కాపీ తీస్తే ఇసక పోసినట్టు రొద తప్ప ఏం రాలేదు. నడిపిస్తేనే నిలబడుతుంది."

తర్వాత కాస్త గొంతు తగ్గించి, "అయిదో రేవులో గుడిసె ఉంది కదండీ," అంది.

ఆ గుడిసె తెలియని అభిమాని లేడు. తలుపు తీసి లోపలికి వెళితే ఏమీ ఉండదు. ఒక చాపా, ఒక నీళ్ళ కుండా. కానీ లోపలికి అడుగు పెట్టగానే ఆట ఒక్క క్షణం ఆగిపోతుంది, ఎవరినో వెతుకుతున్నట్టు. పాత కావ్యాల్లోని శూన్యగృహ వర్ణనకు సంకేతమని ఒకాయన పెద్ద వ్యాసమే రాశాడు. వేదాంతమన్నారు కొందరు. రాసినప్పుడు పడ్డ తప్పు, దిద్దడం మర్చిపోయారంతే అని నేననుకున్నాను.

"ఆ గుడిసె కింద చాలా రాత ఉందాంటీ. ఆట మొత్తంలో ఇంకెక్కడా అంత లేదు. రాసి చెరిపి, రాసి చెరిపి... కింది పొరలు ఒకదాన్లో ఒకటి కలిసిపోయేయి. పైనున్న ఒక్క పొరే చదవడానికి వీలుగా ఉంది. అందులో మొదటి మాట కనపడగానే యంత్రం ఆపేసేను. అది మీరు లేకుండా చదవాల్సింది కాదనిపించింది."

"ఏం మాట?"

"నాన్నా అని ఉంది."

నా చేతిలో గ్లాసు కింద పెట్టేశాను. టీ ఒలికింది. తుడవడానికి గుడ్డ కోసం వంటింట్లోకి వెళ్ళి, ఎందుకు వెళ్ళానో మర్చిపోయి, స్టవ్ దగ్గర నిలబడిపోయాను. ఆ అమ్మాయే వచ్చి గుడ్డ వెతికి తుడుచుకుంది.

వెళ్ళే ముందు మరో మాట చెప్పింది. అది ఆట కాబట్టి, అవతల బొమ్మ ఏదైనా అడిగితే మనం జవాబుల్లోంచి ఒకటి నొక్కాలి. నొక్కిన దారే తెరుచుకుంటుంది. తెర మీద కనిపించేది ఫోన్లో వీడియో తీసుకోవచ్చు. నొక్కని జవాబుల వెనక ఏముందో మాత్రం ఎవరూ చూడకుండానే కరిగిపోతుంది.

"వద్దంటే వదిలేస్తాను. చదవకపోతే అలాగే ఉంటుంది. కాకపోతే ఆ డిస్కుకి బూజు పట్టింది. మన సముద్రపు గాలి సంగతి మీకు తెలుసు కదా."

*

వారం రోజులు నాకు అన్నం సహించలేదు. పిల్లలకు కాకి గియ్యమని చెప్పి నేను పిచుక గీశాను. తెలిసిన వాళ్ళకు చెబితే, "పోయినవాళ్ళ గుట్టు ఎందుకు తవ్వడం, ఎలా ఉన్నదాన్ని అలా ఉండనివ్వు," అన్నారు. చెప్పడం తేలిక. కడుపులో పెట్టుకుని మోసినది నేను కదా.

నిజం చెప్పాలంటే భయమేసింది. 'నాన్నా' అన్నది వకుళే అని రుజువేముంది? ఎవరో రాకుమారి రాజుగారిని పిలిచిందేమో. ఇన్నేళ్ళు లేదనుకున్నది ఇప్పుడు ఉందని ఆశపడి, తీరా వెళ్ళి చూస్తే ఏ ప్రబంధం నాయికో వగలు పోతూ కనిపిస్తే, ఆ మనిషిని నేను మళ్ళీ క్షమించలేను. చచ్చిపోయినవాడి మీద కోపం పెంచుకోవడమంత దండగ పని ఇంకోటి లేదు, తీర్చుకోవడానికి మనిషుండడు.

అయినా విశాఖపట్నం బస్సెక్కాను.

*

యంత్రం చూస్తే ఇడ్లీ కుక్కరంతే ఉంది. దానికి వైర్లు, పక్కన ఒక తెర, ముందు మామూలు కీబోర్డు. బయట వాన పడుతోంది. రాణి నా కోసం కుర్చీలో దిండు వేసి, ఫోను నిలబెట్టి, "నేను బయట ఉండనాంటీ?" అంది.

"ఉండు. నాకు అద్దాలున్నా అక్షరాలు కనబడకపోతే ఎవరు చదువుతారు?" అన్నాను. అసలు సంగతి అది కాదని తనకూ తెలుసు. నా పక్కనే స్టూలు వేసుకుని కూర్చుంది.

మీట నొక్కింది. అయిదో రేవు వచ్చింది, నా తాటిచెట్లు, నా పడవ. గుడిసె తలుపు తీశాను. ఆట ఎప్పటిలాగే ఒక్క క్షణం ఆగింది. తర్వాత చాప మీద చుక్క చుక్కగా ఒక బొమ్మ లేచింది.

దాన్ని చూడగానే నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. అది నేను గీసిన బొమ్మ కాదు. ఒక చెయ్యి పొడుగు, ఒక చెయ్యి పొట్టి. చుక్కలు లెక్క తప్పి మెడ పక్కకు పోయింది. ఆకుపచ్చ గౌను. రెండు జడలు, ఒకటి చెవి మీద, ఒకటి భుజం కింద. నేను పుట్టింటికి వెళ్ళినప్పుడు ఆయన వేసేవారు దానికి జడలు. సరిగ్గా అలాగే వేసేవారు. నన్ను గీసిమ్మని అడగలేక, గీత గీయడం రాని మనిషి ఒక్కడే కూర్చుని చుక్కలు పెట్టుకున్నాడు.

బొమ్మ కింద అక్షరాలు వచ్చాయి.

"నాన్నా, వచ్చేవా! కాలేజీ అయిపోయిందా?"

దాని కింద రెండు జవాబులు. అయిపోయిందమ్మా. ఇవాళ ఎగ్గొట్టేను.

రెండోది నొక్కాను.

"అమ్మతో చెప్తానుండు. దొంగ నాన్నా!"

"వకుళేనాంటీ?" అంది రాణి మెల్లిగా.

"అదే," అన్నాను. "నోరు చూడు. అదే."

అయితే అది నన్ను నాన్నా అంటోంది. ఆ గుడిసెలోకి ఎవరు అడుగు పెట్టినా నాన్నా అనే అంటుంది. అందుకేనన్నమాట చెరిపేశారు. ఆట ఊరి మీదికి వెళ్ళబోయే ముందు, డబ్బు పెట్టి కొనుక్కున్న ప్రతివాడూ తలుపు తోసుకుని వచ్చి నా కూతురి చేత నాన్నా అనిపించుకుంటాడా అనుకుని ఉంటారు. ఆయన అలాంటి మనిషే. తన పెన్ను కూడా ఇంకొకరికి ఇచ్చేవారు కాదు.

"పొడుపు కథ చెప్పనా నాన్నా? నీటిలో పుట్టింది, ఎండలో పెరిగింది, కుప్పై కూర్చుంది. వానొస్తే చచ్చింది. ఏంటది?"

కింద మూడు జవాబులు. మంచు. ఉప్పు. ఓడిపోయాను, నువ్వే చెప్పు.

రాణి ఉలిక్కిపడి నా వైపు చూసింది. నేను ఓడిపోయానని నొక్కాను. అది గెలవాలి కదా.

"ఉప్పు! బళ్ళోవాళ్ళు ఉప్పు మడుల దగ్గరికి తీసుకెళ్ళేరు కదా, అక్కడ ఈ కథ నేనే కట్టేను. ఎవరికీ చెప్పకు నాన్నా, మన ఇద్దరికే."

ఎవరికీ చెప్పలేదు ఆ మనిషి. పత్రికలవాళ్ళకు చెప్పలేదు, అభిమానులకు చెప్పలేదు, నాకూ చెప్పలేదు. పిల్ల చెప్పొద్దన్నదని, లేని తాళపత్రం పుట్టించి, చచ్చేదాకా దానికే కట్టుబడ్డాడు. పండితుడు కదా, గుట్టు దాచినా దానికో ఆధారం చూపించాలి. నేనేమో కుక్క ఉంది, పులి ఉంది, నా పిల్ల ఏదీ అని రేవులన్నీ గాలించాను. రాజుగారి నాలుకకి రుచి పోవడం దగ్గర్నుంచీ ఆ కథంతా అదే. మోసుకెళ్ళే ఆ పిడికెడు ఉప్పూ అదే. ఏడ్చాడా అని అడిగాను కదా. ఏడు రేవుల పొడుగునా ఏడ్చాడు.

తెర అంచులు మసకబారడం మొదలైంది. తాటిచెట్ల మట్టలు ఊడిపోతున్నాయి. "ఇంక ఎక్కువసేపు నిలవదాంటీ," అంది రాణి.

అది మళ్ళీ మాట్లాడింది.

"అమ్మేదీ నాన్నా? ఎప్పుడొచ్చినా నువ్వొక్కడివే వస్తావు."

మూడు జవాబులు వచ్చాయి. ఒకటి, అమ్మకి పనుందమ్మా. రెండు, అమ్మ ఇంకా నాతో సరిగ్గా మాట్లాడటం లేదు తల్లీ. మూడు, రేపు తీసుకొస్తాను.

నేను మూడింటినీ పైకీ కిందికీ చదివాను. ఇంకోటి ఉందేమోనని కిందికి జరిపాను. లేదు. "అమ్మ వచ్చింది" అన్న జవాబు ఆయన రాయలేదు. ఎలా రాస్తారు? నేనెప్పుడూ రాలేదు కదా. పక్కగదిలోనే ఉన్నాను. ఆ మీటలు టకటకమంటుంటే, కూతురు పోయిన ఇంట్లో ఆటలేమిటని పళ్ళు కొరుక్కుంటూ ఉన్నాను. గోడకి అవతల ఆయన దీనితో మాట్లాడుతున్నాడు.

"వకుళూ," అన్నాను పైకే. "నేనేనే. అమ్మనే. వచ్చేనే."

బొమ్మ కదల్లేదు. దానికి నోటి మాట వినిపించదు. నొక్కితేనే తెలుస్తుంది, ఆయన రాసిన మాటల్లోనే తెలుస్తుంది. రాణి ముఖం అటు తిప్పుకుంది.

రెండోది నొక్కాలని ఉంది. నా గురించి దానితో ఏం చెప్పుకున్నాడో, దానికి అది ఏమన్నదో వినాలని ప్రాణం కొట్టుకుంది. నా వల్ల ఆయన పడ్డ కష్టమంతా ఆ మాట వెనకాలే ఉంది. అది వింటే మూడోది పోతుంది. నా కోసం ఎదురుచూస్తున్న పిల్లకి, అమ్మ మాట్లాడటం లేదని చెప్పమంటారా? మూడోది నొక్కాను. రేపు తీసుకొస్తాను.

ఆట ఆగింది. పోయిందేమోననుకున్నాను. అక్షరాలు ఒక్కొక్కటే వచ్చాయి.

"నిన్న కూడా అదే అన్నావు."

ఆ మాట వకుళది కాదు, ఆయనది. తనని తాను తిట్టుకోవడానికి కూడా కూతురి నోరే అరువు తెచ్చుకున్నాడు. నన్ను చెయ్యి పట్టుకుని ఆ గదిలోకి తీసుకెళ్ళి, ఇదిగో ఇక్కడ ఉంది అని చూపించాలని రోజూ అనుకుని, రోజూ మానేశాడు. నేను ఏమంటానోనని భయపడి ఉంటాడు. నేను ఏమీ అనకపోదును. ఆ చెయ్యి సరిచేసి ఇచ్చేదాన్ని. మెడ సరిచేసి ఇచ్చేదాన్ని. ఇద్దరం దాని పక్కన కూర్చుని ఏడ్చేవాళ్ళం. అది మాకు రాసిపెట్టి లేదు.

అడుగున ఇప్పుడు ఒక్కటే జవాబు ఉంది. వెళ్ళొస్తాను తల్లీ.

గౌను రంగు పోతోంది. పొట్టి చెయ్యి పోయింది. నేను మీట మీంచి వేలు తీసేసి రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకున్నాను.

"నొక్కండాంటీ," అంది రాణి. "దానెనకాల ఇంకో మాట ఉందేమో. నొక్కకపోయినా పోద్ది కదా."

"పోనీ," అన్నాను. "వెళ్ళొస్తానని మాత్రం నేను అనను."

ముఖం ఉన్నంతసేపు చూశాను. జడలు పోయాయి, మెడ పోయింది, తర్వాత కళ్ళ దగ్గర పెట్టిన రెండు చుక్కలు మిగిలాయి. అవి రెండూ ఒక్కసారే పోయాయి. తెర మీద చాపా, నీళ్ళ కుండా మిగిలాయి, కాసేపటికి అవీ లేవు. రాణి ఏడుస్తూ నా భుజం పట్టుకుంది. నేను ఆ కుర్చీలోంచి లేవలేదు.